ఎడమ కనుబొమ మీద వేలు

బ్యాగు జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. లోపల పసిపిల్ల గుడ్డలు కుక్కేసి ఉన్నాయి. కూతురు మోకాలితో బ్యాగును అదిమిపెట్టి రెండు చేతులతో లాగుతోంది.

"నా మాట కాస్త వినవే," అంది తల్లి గుమ్మం దగ్గర నిలబడి.

"నీ మాట వినేగా పిల్లని ఇక్కడికి తెచ్చాను. నాన్న మానేశాడు, ఇప్పుడు అటు వంక కూడా చూడట్లేదు అని ఫోన్ చేసినప్పుడల్లా ఊదరగొట్టావు. మరి ఇదేంటి?"

బల్ల మీద చిన్న స్టీలు మూత. అందులో నలిపేసిన సిగరెట్ పీక. పక్కనే పిల్ల పొత్తిగుడ్డ. పొద్దున్నే బాల్కనీలోంచి ఆ గుడ్డ తెచ్చి పిల్లకి చుట్టబోతుంటే పొగ కంపు గుప్పుమంది. కూతురు తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి, వాషింగ్ మెషీన్ వెనక చెయ్యి పెట్టి ఆ మూతని బయటికి లాగింది. చిన్నప్పుడు నాన్న దాచిన చోట్లన్నీ వెతికిన చెయ్యి అది. తడుముకోలేదు.

పిల్ల నెలలు నిండకుండానే పుట్టింది. గుప్పెడంత ఉండేసరికి అందరూ పిచ్చుక అనడం మొదలుపెట్టారు, అదే పేరైపోయింది. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదనీ, పిల్ల ఉన్న ఇంట్లో పొగ అన్న మాటే ఉండకూడదనీ డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. సోమవారం నుంచి కూతురు మళ్ళీ బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళాలి. అప్పుడు పిచ్చుకని పొద్దుటిపూట తాతయ్య, మధ్యాహ్నం నుంచి అమ్మమ్మ చూసుకోవాలని ఒప్పందం. పిల్లకి కొత్త చోటు అలవాటవుతుందని కూతురూ అల్లుడూ ముందుగానే వచ్చి దిగారు. ఇప్పుడా ఒప్పందం బ్యాగులోకి వెళ్ళిపోతోంది.

హాల్లో తాతయ్య పిచ్చుకని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సోఫాలు కుట్టడం ఆయన పని. ఆ పిల్ల పడుకునే పరుపు కూడా ఆయనే కుట్టాడు. అంచు ఎక్కడా గీసుకోకూడదని కుట్టంతా లోపలికి తిప్పాడు.

కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది. "నాన్నా, ఒక్కటే అడుగుతున్నా. నువ్వేనా?"

ఆయన పిల్ల కాలివేళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు.

"నిన్న ఫోమ్ దింపడానికి గడ్డం వచ్చాడు కదండీ," అంది తల్లి ఆశగా. గడ్డం అంటే షాపులో ఆయన తోటి పనివాడు. రెండు చెవుల మీదా రెండు సిగరెట్లు పెట్టుకుని తిరుగుతాడు. "వాడే అయ్యుంటాడు."

"వాడు గుమ్మం దాటి లోపలికి రాలేదు," అన్నాడు ఆయన. "వాడిని లాగొద్దు."

"అంటే నువ్వేగా," అంది కూతురు.

"ఇంకోసారి జరగదమ్మా."

"ఈ మాట నాకు ఆరో తరగతిలో చెప్పావు. పదో తరగతిలో చెప్పావు. నా పెళ్ళిలో భోజనాల గది వెనక దొరికిపోయినప్పుడూ చెప్పావు. ఇలా ఇవ్వు పిల్లని."

ఆయన ఇచ్చేశాడు. ఇచ్చాక కూడా చేతులు అలాగే పిల్ల కొలతకి వంగి ఉన్నాయి.

తల్లికి ఎక్కడో లెక్క కుదరలేదు. ఈ రోజు పొద్దున కూడా ఆయన మొహం తన చేతుల్లోనే ఉంది. ఆవిడ బ్యూటీపార్లర్‌లో పనిచేస్తుంది. తువ్వాలు తీయకుండానే ఎవరు ఏ క్రీము రాసుకొచ్చారో చెప్పగల ముక్కు ఆవిడది. ఆయన దగ్గర సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు.

పొద్దున్నే ఆయన మొహం నొక్కే ఆ పని మొదలైంది కూడా పార్లర్ వల్లే. యజమానురాలు ఒక టీచర్ని పిలిపించి అందరికీ ముఖం మీద నొక్కే బిందువులు నేర్పించింది. తలనొప్పికి ఒక వరుస, నిద్రకి ఒకటి, సిగరెట్ మానాలనుకునే వాళ్ళకి ఇంకొకటి. ఆ చివరిదాని కోసం ఆవిడ చెవులు రిక్కించి కూర్చుంది. టీచర్ మాత్రం గొప్పలు పోలేదు. "ఇది మంత్రం కాదమ్మా. డాక్టర్ ఇచ్చే మందు మానిపించొద్దు. మనసు లాగినప్పుడు ఆ కాసేపూ చేతికి ఒక పని కావాలి, శరీరానికి ఒక నెమ్మది కావాలి. దానికి పనికొస్తుంది," అంది.

ఇంటికొచ్చి చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు. "సిగరెట్ ఉండేది నోట్లో. నువ్వు కనుబొమలు నొక్కితే దానికేం తెలుస్తుందోయ్?"

"ముందు కూర్చోండి. నవ్వాలంటే తర్వాత నవ్వుకోవచ్చు."

షాపులో ఎవరూ తీసుకెళ్ళని పాత వాలుకుర్చీ ఒకటి ఇంట్లో ఉంది. అందులో కూర్చోబెట్టి రోజూ పొద్దున నొక్కేది. ముందు కనుబొమ, తర్వాత ముక్కు పక్కన, ముక్కుకీ పెదవికీ మధ్య ఉన్న గుంటలో, ఆఖరికి గడ్డం. ఆయనకి హాయిగా నిద్ర పట్టేసేది. లేపడానికి గడ్డం మీద వేలితో రెండుసార్లు తట్టేది. ఆ తట్టడం ఏ టీచరూ చెప్పింది కాదు, ఆవిడ సొంతం.

అందులో ఒక పొరపాటూ జరిగింది. పార్లర్‌లో పనంతా అద్దంలోకి చూసి చేసే అలవాటు. బిందువులు గుర్తుపెట్టి గోడకి తగిలించిన మొహం బొమ్మని కూడా ఆవిడ ఎదుటి అద్దంలో చూసే నేర్చుకుంది. దాంతో కుడి కాస్తా ఎడమ అయిపోయింది. కుడి కనుబొమతో మొదలుపెట్టాల్సింది ఎడమతో మొదలుపెట్టింది. మనసు లాగినప్పుడు సొంతంగా నొక్కుకోవడం ఆయనకి నేర్పినప్పుడూ అంతే. కుడిచెయ్యి మొహానికి అడ్డంగా తెచ్చి ఎడమ కనుబొమ మీద పెట్టేవాడు. చూసేవాళ్ళకి తన మొహం మీద తనే ఈగని తోలుకుంటున్నట్టు ఉండేది. తప్పు తెలిసి దిద్దబోతే ఆయన ఒప్పుకోలేదు. "తిరగామరగా అయినా ఇదే నా ప్రాణం నిలబెట్టింది. ఇప్పుడు మార్చి నన్ను మళ్ళీ మొదటికి తేకు."

డాక్టరిచ్చిన నమిలే బిళ్ళలు, ఈ వేళ్ళు, మధ్య మధ్య నాలుగు తిట్లు. మొత్తానికి మానేశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ కుర్చీ దగ్గరే. దానికి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఆవిడ ఆ కుర్చీనే రోజూ తుడిచేది.

అలాంటి మనిషి పొద్దున తన చేతికి మొహం ఇచ్చి, చాటుగా సిగరెట్ కాలుస్తాడా? కాల్చలేదు. మరి కాల్చలేదని ఎందుకు అనడు?

"టాక్సీ సందు మొదట్లోకి వచ్చింది," అన్నాడు అల్లుడు.

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. మాటలు తక్కువ. పొద్దున్నించీ చెప్పుల స్టాండు పక్కన, ఎడమ చేతిలో ఫోన్ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఇక్కడికి రావద్దని అనట్లేదమ్మా," అంది కూతురు. "బడి పక్కన శిశుసంరక్షణ కేంద్రం ఉంది, అక్కడ పెడతాను. వీడియోలో చూడు నాన్నా నీ మనవరాల్ని. వీడియోకి పొగ అంటదు."

ఆయన తల ఇంకా కిందికి వంగింది.

సరిగ్గా అప్పుడే తల్లి అల్లుడి వైపు చూసింది, పాలసీసా అందిద్దామని. అతని కుడిచెయ్యి పైకి లేచింది. మొహానికి అడ్డంగా వచ్చి ఎడమ కనుబొమ మీద ఆగింది. నొక్కింది. ముక్కు పక్కకి జారింది, పెదవి మీది గుంటలోకి వచ్చింది, గడ్డం మీదికి దిగింది. ఆఖర్న వేలు రెండుసార్లు తట్టింది.

ఆ పని చేస్తున్నట్టు అతనికే తెలియదు.

పాలసీసా ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ఈ లోకంలో ఆ వరుస తెలిసిన వాళ్ళు ఇద్దరే ఉండాలి. మూడో మనిషికి వచ్చిందంటే ఆ రెండో మనిషి నేర్పి ఉండాలి.

"ఏవండీ," అంది మెల్లగా. "నా పాఠం మీరు ఇంకెవరికైనా చెప్పారా?"

ఆయన తలెత్తి చూశాడు. వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఆవిడకి ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

"బాబూ, ఇలా రండి," అంది అల్లుడితో. "ఈ కుర్చీలో కూర్చోండి."

"టాక్సీ వచ్చేసింది అత్తయ్యా."

"టాక్సీవాడికి తొందరైతే వెళ్ళిపొమ్మనండి. కూర్చోండి."

అతను కూర్చున్నాడు. ఆవిడ వెనక నిలబడి వేళ్ళు రుద్దుకుని వెచ్చచేసుకుని, ఎడమ కనుబొమ మీద పెట్టింది. ముక్కు పక్కకి వచ్చేసరికి వేలికి తడి తగిలింది.

కూతురు పిల్లతో అలాగే నిలబడిపోయింది. బల్ల మీది మూత వంక, కుర్చీలోని మనిషి వంక, తండ్రి వంక చూసింది. తర్వాత బ్యాగు మీదే కూలబడింది.

"నాన్నా. నీకు తెలుసా?"

"మీరొచ్చిన మర్నాడే చూశాను," అన్నాడు ఆయన. "బాల్కనీలో నిలబడి, ఆ వయసులో నేను ఎలా వణికానో అలాగే వణుకుతున్నాడు. పిచ్చుక ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు బయట నిలబడి మొదలుపెట్టాడట. మానేస్తాను, మీ అమ్మాయికి నేనే చెబుతాను అన్నాడు. అప్పటిదాకా నేను చెప్పనని మాటిచ్చాను. మీ అమ్మ నేర్పింది నేర్పాను. నిన్న మళ్ళీ జారాడు. జారకుండా మానిన వాణ్ణి నేనైతే చూడలేదు."

"అందుకని తప్పు నీ మీద వేసుకుని పిల్లని కూడా వదులుకుంటావా?"

"ఏం చేయమంటావు? నా చేతుల్లోంచి పిచ్చుకని తీసుకున్నప్పుడు ప్రాణం పోయినంత పనైంది. కానీ మీ అమ్మ నన్ను ఒక్కనాడూ దొంగలా నిలబెట్టి అడగలేదు. అడిగి ఉంటే ఇంకా బాగా దాచడం నేర్చుకునేవాణ్ణి, మానేవాణ్ణి కాదు. ఆ రుణం ఆవిడకి ఎలా తీర్చను? ఇంకొకడికి అదే ఇచ్చాను, అంతే."

ఆవిడ వేళ్ళు అల్లుడి పెదవి మీది గుంట దగ్గర ఆగాయి. ఆ మాట ఆయన నోట ఇన్నేళ్ళకి విన్నది. తల తిప్పుకుని భుజంతో కళ్ళు తుడుచుకుంది. "వేళ్ళు ఖాళీ లేవు కాబట్టి బతికిపోయారు. లేకపోతే మీ కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్నో, మీ నెత్తిన మొట్టేదాన్నో నాకే తెలీదు."

కూతురికి ఏడుపులోనే నవ్వొచ్చింది. లేచి వెళ్ళి పిచ్చుకని తండ్రి చేతుల్లో పెట్టింది. ఆ చేతులు ఇంకా అదే కొలతకి వంగి ఉన్నాయి. "తప్పైపోయింది నాన్నా," అంది ఆయన చెవి దగ్గర. "ఆరో తరగతి నుంచీ అన్నవన్నీ కలిపి."

బయట టాక్సీ హారన్ కొట్టింది. ఎవరూ కదల్లేదు.

కూతురు కుర్చీ ముందుకి వచ్చి నేల మీద కూర్చుని, భర్త మోకాళ్ళ మీద చేతులు వేసింది. "ఎవరో నాకు తెలిసిపోయింది. అమ్మ చెప్పక్కర్లేదు, నాన్న చెప్పక్కర్లేదు. నీ నోటితో నువ్వు చెప్పు. చెబితే బ్యాగు విప్పేస్తాను. రేపట్నించి డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను."

అత్తగారి వేలు అతని గడ్డం మీద రెండుసార్లు తట్టింది.

అతను కళ్ళు తెరిచాడు. ముందు మామగారి వంక చూసి రెండు చేతులూ జోడించాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"నేనే," అన్నాడు. "ఆ సిగరెట్ కాల్చింది నేనే."