సంతకం కాని సెలవు చీటీ

టెక్సస్‌లోని ప్లేనోలో, 1986 ఫిబ్రవరిలో ఒక ఉదయం వాసుదేవరావుగారు ఫ్రిజ్ మీది మాగ్నెట్ ఎత్తి తన చీటీ చూసుకున్నారు. పెట్టి ఐదు రోజులైంది. సంతకం లేదు.

తెల్లదొరల హయాంలో ఆయన కాకినాడ కలెక్టరాఫీసులో సెలవుల గుమాస్తా. దొరల సిక్ లీవులూ, ప్రయాణ భత్యాలూ చూడడమే పని. డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఆ జబ్బు వదల్లేదు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా కూతురికి చీటీ రాసి పెడతారు. వసుమతి నవ్వుకుంటూ 'శాంక్షన్డ్' అని సంతకం చేస్తుంది. నవ్వులాటే గానీ, పాపం ఆయన బతుకూ అంతే. కారు నడపడం రాదు, చూపు సగమే, నడిచిపోదామంటే దరిదాపుల్లో ఒక్క కొట్టు లేదు. ఆమె తీసుకెళ్తేనే గుమ్మం దాటడం.

ఈ చీటీ మాత్రం నవ్వులాట కాదు. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో కొడుకు దగ్గరున్న చెల్లెలు ఆండాళ్ మంచాన పడింది. అన్నయ్యను చూడాలంటోంది. వారం సెలవు కోరుతూ, ప్రయాణ భత్యం అక్కర్లేదని కింద రాశారు.

ఇంతలో ఫోను మోగింది. మేనల్లుడు జగన్మోహన్. అమ్మకు మాట పడిపోతోందని, త్వరగా రమ్మని చెప్పాడు. వసుమతి ఫోను పెట్టేసి ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుంది.

"సోమవారం వెళ్దాం నాన్నా. మా మేనేజర్ వెకేషన్‌లో ఉన్నాడు. ఆయన అప్రూవ్ చెయ్యకుండా వెళ్తే జాబ్ పోతుంది. మేనత్త అంటే వాళ్ల రూల్స్‌లో ఫ్యామిలీ కాదట."

తననొక్కణ్ణే విమానం ఎక్కించమన్నారాయన. ఆ చూపుతో ఎలా వెళ్తారని విసుక్కుంది. ఆయన మళ్లీ అడిగారు. నలభై ఏళ్లుగా కడుపులో దాచుకున్న మాట ఆమె నోటి వెంట జారింది.

"అమ్మ పోయేటప్పుడు మీరు వచ్చారా? ఆఫీసు కాంపు ముఖ్యమైంది కదా మీకు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కాంపు కాదు వసూ. నా బల్ల దగ్గరే ఉన్నాను."

మెల్లగా చెప్పుకొచ్చారు. భార్యకు ప్రాణం మీదికొచ్చిందని తుని నుంచి తంతి వచ్చింది. సెలవు అర్జీ పెట్టారు. సంతకం చెయ్యాల్సిన దొర సిక్ లీవు మీద ఊటీ వెళ్లాడు. దొరకు మొదటి తరగతి, బంట్రోతులిద్దరికీ మూడో తరగతి, ఆ బిల్లు రాసింది ఈయనే. రైలెక్కితే పూటలో తుని. ఎవరూ కట్టెయ్యలేదు. ఉద్యోగం పోతుందన్న భయమే కట్టేసింది. ఆరు రోజులు కాగితం కోసం చూశారు. వచ్చింది రెండో తంతి.

"నీకప్పుడు నాలుగేళ్లు. ఆండాళ్ నిన్ను చంకనేసుకుని రోజూ తుని స్టేషనుకొచ్చి నా కోసం చూసిందట. నన్నొక్క మాట అనలేదు. కాంపులో ఉన్నానని నీకు అబద్ధం చెప్పిందీ అదే."

వసుమతికి దుఃఖం ఆగలేదు. తల్లి పోయాక తనను పెంచిన మనిషి, తనకు తెలియనివ్వకుండా తండ్రి తప్పును కూడా ఇన్నేళ్లూ మోసింది. ఆమె బ్యాగు కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, పెన్ను కోసం వెతికింది.

ఆయన అప్పటికే చీటీ తీసి జేబులో పెట్టుకున్నారు. కోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డారు.

"సంతకం తరవాత పెడుదువుగాని. ముందు కారు తియ్యమ్మా."