విప్పకూడని ముడులు

మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చి పిల్లలంతా ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. సుచరిత మాత్రం కొత్త గౌనుతో నల్లబల్ల ముందు నిలబడి ఉంది. ఆ రోజు ఆమె పుట్టినరోజు. పదకొండేళ్లు నిండాయి.

ఆరో తరగతి కృష్ణకాంత్ సార్ దగ్గర ఒక అలవాటు ఉంది. పుట్టినరోజు పిల్లలు చాక్లెట్లు పంచినా, పంచకపోయినా ఆయన పట్టించుకోరు. కానీ ముందుకు వచ్చి, ఈ ఏడాది ఏం చేయాలనుకుంటున్నారో ఒక్క మాట చెప్పాలి. పోయిన నెల గిరి వంతు వచ్చింది. గిరి వాళ్లకు గొర్రెల మంద ఉంది. "మా గొర్రెలన్నిటికి పేర్లు పెడత సార్" అన్నాడు వాడు. క్లాసంతా పడి పడి నవ్వింది. వాడు మాత్రం నిజంగానే పెడుతూ పోతున్నాడు. క్లాసులో ఆడపిల్లల పేర్లన్నీ అయిపోయి, ఇప్పుడు టీచర్ల పేర్లలోకి వచ్చాడని వినికిడి.

"చెప్పు సుచరితా. గీ ఏడు ఏం చేస్తవ్?" అన్నారు సార్.

ఒక్క మాటతో సరిపెట్టడం సుచరితకు ఇష్టం లేదు. పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారే కదా వచ్చేది.

"ఫస్టు ర్యాంకు తెచ్చుకుంట సార్. రోజు ఇంగ్లీషు పేపర్ చదువుత. తాడాట ఆగకుండ ఎగురుత. బొమ్మలేసుడు నేర్చుకుంట. టీవీ బంద్ చేస్త. మా అవ్వకు చదువు నేర్పిస్త. మా అమ్మకు సాయం చేస్త. ఇంక..."

"జర ఊపిరి తీసుకో బిడ్డా" అన్నారు సార్ నవ్వుతూ.

పిల్లలు చప్పట్లు కొట్టారు. సుచరిత గర్వంగా వచ్చి తన చోట కూర్చుంది. పక్కనున్న స్వర్ణ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఇన్నిటికి ఏడాది సాలదు. ఇయ్యాల్నే సగం అయిపోగొట్టు."

స్వర్ణ ఆటపట్టించడానికే అంది. సుచరిత దాన్ని నిజంగానే పట్టుకుంది.

కట్టంగూర్ దగ్గర చిన్న ఊరు వాళ్లది. సుచరిత వాళ్ల వీధిలో అన్నీ నేతపని ఇళ్లే. సుచరిత బాపు బిక్షం చీరలు నేస్తాడు. అమ్మ వసంతలక్ష్మి నూలు పని చూస్తుంది. సుచరిత బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. బాపు రంగులు తేవడానికి కట్టంగూర్ పోయాడు. అమ్మ మక్క కంకుల కోసం గిరి వాళ్ల చేనుకు పోయింది. సుచరితకు మక్క గారెలంటే ప్రాణం. పుట్టినరోజు నాడు అవి లేకపోతే ఎలా? అవ్వ మల్లమ్మ ఒక్కతే మంచం మీద కునుకు తీస్తోంది.

సుచరిత పుస్తకాల సంచి మూలన పడేసి పని మొదలుపెట్టింది.

ముందు ఇంగ్లీషు పేపర్. దుకాణం నుంచి బెల్లం చుట్టుకొచ్చిన ముక్క ఒకటి దొరికింది. రెండు లైన్లు చదివింది. మూడో లైనులో ఆమె చేతంత పొడుగున్న మాట ఒకటి అడ్డం వచ్చింది. పేపర్ పక్కన పెట్టింది.

తర్వాత తాడాట. తాడు పోయి అవ్వ మంచానికి తగిలింది. అవ్వ ఉలిక్కిపడి లేచింది. లేచింది కదా అని సుచరిత పలక పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, అ అను."

"రేపటి సంది సదువుకుంట బిడ్డా. గిప్పుడు నిద్రల ఉన్న" అని అవ్వ మళ్లీ అటు తిరిగి పడుకుంది.

ఇక మిగిలింది అమ్మకు సాయం. ఇదైనా ఇవాళ పూర్తి చేయాలనుకుంది సుచరిత.

వరండాలో దండెం మీద నూలు ఆరుతోంది. నిన్ననే ఎర్రరంగులో ముంచారు. దాని పొడుగునా సన్నని రబ్బరు పట్టీలతో గట్టి కట్లు ఉన్నాయి. చీర మీద పూలు రావాలంటే నేయకముందే నూలుకు ఇలా కట్లు కడతారు. వాళ్ల ఇళ్లల్లో దాన్ని చిటికి కట్టడం అంటారు. కట్టు ఉన్న చోటికి రంగు పోదు. అక్కడ నూలు తెల్లగా ఉండిపోతుంది. రంగు ఆరాక కట్లు విప్పడం సుచరితకు బాగా తెలిసిన పని. సెలవు రోజుల్లో ఎన్నోసార్లు విప్పింది. కాకపోతే ప్రతిసారీ బాపే నూలు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేవాడు. ఇవాళ పెట్టడానికి బాపు లేడు. నూలు మాత్రం ఎదురుగా ఉంది.

సుచరిత దండెం కింద స్టూలు వేసుకుని కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్క కట్టు ఊడుతుంటే ఎర్రటి నూలు మధ్య తెల్లటి మచ్చలు బయటపడుతున్నాయి. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంది. అమ్మ రాగానే ఎంత సంబరపడుతుందో అనుకుంటూ చివరిదాకా విప్పింది.

అమ్మ కొంగులో మక్క కంకులు మూటగట్టుకుని వచ్చింది. వరండా మెట్టు ఎక్కింది. దండెం వైపు చూసింది. కంకులు కింద పెట్టి, వాటి పక్కనే కూర్చుంది.

"ఎవ్వలు ఇప్పుమన్నరు బిడ్డా?"

"ఎవ్వలు అన్లే. నేనే ఇప్పిన. నీకు సాయం చేద్దామని."

అమ్మ లేచి నూలును చేత్తో తడిమింది.

"ఇంక నల్లరంగు ముంచలే. ఎరుపు ఉండాల్సిన కాడ కూడ కట్లు కట్టి, అప్పుడు నలుపుల ముంచాలె. గీ తెల్లవాటివి అందాక ఇప్పొద్దు. ఇప్పుడు ముంచితే అంత నల్లగైతది."

అమ్మ అరుస్తుందని సుచరిత ఎదురుచూసింది. అమ్మ అరవలేదు. కంకులు తీసుకుని వంటింట్లోకి పోయి గింజలు ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి మక్క గారెల వాసన వచ్చింది. అమ్మ వేడి వేడి గారెలు తెచ్చి సుచరిత ముందు పెట్టింది. సుచరిత ఒక్కటీ తినలేకపోయింది.

అమ్మ మళ్లీ లోపలికి పోయాక అవ్వ సుచరితను దగ్గరికి పిలిచింది.

"గది దుకాణపోళ్ల చీర కాదు బిడ్డా. మీ అమ్మది. పెండ్లయి వచ్చిన కాడికెల్లి మంది చీరలకే చిటికి కట్టింది. గీ ఏడన్న నేను కట్టిన చీర నేనే కట్టుకొని బతుకమ్మ ఆడత అత్తా అన్నది. పనులన్ని ఒడిసినంక రోజు ఇంతంత కట్టుకుంట వచ్చింది."

సుచరిత తల దించుకుంది. అమ్మ కూడా ఈ ఏడాదికి ఒకటి అనుకుందని ఆమెకు తెలియదు. అమ్మను నల్లబల్ల ముందు నిలబెట్టి ఎవరూ అడగలేదు కదా. ఇంట్లో ఉన్న తానూ ఎన్నడూ అడగలేదు.

బాపు వచ్చి నూలు చూశాడు. చాలాసేపు చూశాడు.

"తెల్ల జాగలు కనవడ్తనే ఉన్నయ్. మళ్ల కట్టొచ్చు. కాని మందికి ఇచ్చేటి చీరలు మగ్గం మీదున్నయ్. నాకు, మీ అమ్మకు తీరదు. పండుగ నెల రోజులె ఉన్నది."

"పోనియ్ తియ్. వచ్చే ఏడు సూద్దాం" అంది అమ్మ.

కూరగాయలవాడు ఇవాళ రాలేదంటే ఎలా అంటుందో అలాగే అంది. ఆ మాటకే సుచరితకు ఏడుపొచ్చింది. రెండు దెబ్బలు వేసినా ఇంత బాధ ఉండేది కాదు. కళ్లు తుడుచుకుని అమ్మ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నేను కట్టొచ్చా?"

ఆ రోజు మొత్తంలో ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే. అమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"ఒక్కటి కట్టు. సూస్త."

సుచరిత రబ్బరు పట్టీ తీసుకుని కట్టింది. అమ్మ గోటితో కదిపింది. పట్టీ జరిగింది. అమ్మ విప్పేసి మళ్లీ చేతికిచ్చింది. రెండోదీ అంతే.

"గట్టిగ లేకుంటె సందుల్నుంచి రంగు లోపటికి పోతది. గుంజి పట్టి చుట్టు" అని అమ్మ ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి చూపించింది.

ఆ తర్వాతది కదల్లేదు.

"ఊఁ. గట్లనే" అంది అమ్మ.

మర్నాటి నుంచి బడి వదలగానే సుచరిత వరండాలో కూర్చునేది. బయట స్వర్ణ తాడాటకు పిలిచేది. "రాను పో" అనేది సుచరిత. రబ్బరు లాగి లాగి వేళ్లు ఎర్రగా కమిలిపోయాయి. ఒకరోజు పరాకుగా తెల్ల చోటు వదిలేసి పక్కన కట్టింది. చూసుకుని, తిట్టుకుంటూ మళ్లీ విప్పి కట్టింది. అమ్మ పనులు ముగించుకుని వచ్చి పక్కన కూర్చుని ఎర్ర చోట్లకు కట్టేది. ఇద్దరూ ఏవేవో చెప్పుకునేవాళ్లు. అమ్మ చిన్నప్పుడు బాయిలో పడిన చెప్పు కోసం తనూ దూకిందని సుచరితకు అప్పుడే తెలిసింది.

బడిలో స్వర్ణ ఊరుకుంటుందా?

"సార్, సుచరిత తాడాట ఎగురుతలేదు. పేపర్ గూడ చదువుతలేదు."

"అవునా సుచరితా?" అన్నారు కృష్ణకాంత్ సార్.

సుచరిత లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది.

"అన్ని ఆపిన సార్. ఇప్పుడు ఒక్కటే చేస్తున్న."

"ఏందది?"

"అయినంక చెప్త సార్."

సార్ కూర్చోమని సైగ చేశారు.

కట్లన్నీ పూర్తయ్యాక ఒక ఆదివారం బాపు నల్లరంగు కాచి నూలు ముంచాడు. నూలు ఆరేదాకా సుచరిత దండెం చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఇగ ఇప్పు" అంది అమ్మ.

సుచరిత చేతులు వెనక్కి కట్టుకుంది.

"నిజంగ ఇప్పన్నా? ఇంకేం రంగు లేదు గద?"

"లేదు తల్లీ. ఉన్న మూడు రంగులు అయిపోయినయ్" అని బాపు నవ్వాడు.

తల్లీకూతుళ్లిద్దరూ కూర్చుని విప్పారు. తెలుపు బయటపడింది, ఎరుపు బయటపడింది. కానీ కొన్నిచోట్ల నలుపు లోపలికి పాకి తెల్లటి అంచులు చెదిరిపోయాయి. సుచరిత కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"గివి నువ్వు మొదట్ల కట్టినవి" అంది అమ్మ. "తర్వాతవి సూడు. నాకంటె మంచిగ కట్టినవ్."

బాపు చిన్నగా దగ్గాడు. అమ్మ అతని వైపు ఒక చూపు చూసింది. బాపు మళ్లీ దగ్గలేదు.

మగ్గం మీద చివరి చీరగా బాపు దాన్ని నేశాడు. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ ఆ చీర కట్టుకుంది. చెదిరిన పూలు సరిగ్గా భుజం మీదికి వచ్చేలా కొంగు వేసుకుంది.

"అవి కనవడ్తున్నయమ్మా. లోపటికి మడువు" అంది సుచరిత.

"కనవడని. నాకు గవే ఇష్టం" అంది అమ్మ.

బతుకమ్మ ఆడుతుంటే ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చీర పట్టుకుని చూశారు. ఎవరు కట్టారని అడిగితే అమ్మ ప్రతిసారీ "నేను, మా బిడ్డ" అని చెప్పింది. సుచరితకు పాట మీద ధ్యాస నిలవలేదు. అమ్మ నవ్వునే చూస్తూ తిరిగింది.

ఇంటికి నడుస్తూ అడిగింది.

"అమ్మా, వచ్చే ఏడుకు నువ్వేమనుకుంటున్నవ్?"

"నేనా?" అమ్మ నడవడం ఆపేసింది. ఆ ప్రశ్న ఆమెను అంతకుముందు ఎవరూ అడగలేదు. "చెప్తె నవ్వుతవ్."

"నవ్వ."

"సైకిల్ తొక్కుడు నేర్సుకోవాలె. కట్టంగూర్ దాక నేనే పొయ్యి నాకు నచ్చిన రంగులు నేనే తెచ్చుకోవాలె."

'నేను నేర్పిస్త, రేపే నేర్పిస్త, వారంలో కట్టంగూర్ పోదాం' అన్న మాటలు సుచరిత నోటిదాకా వచ్చాయి. ఆమె వాటిని మింగేసింది.

"ఎప్పుడు మొదలువెడ్దాం అమ్మా? నువ్వే చెప్పు."

"దసరా పోనియ్" అంది అమ్మ.

దసరా పోయిన మొదటి ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బడి ముందున్న మైదానానికి వచ్చారు. అమ్మ కొంగు నడుముకు బిగించి, కూతురి సైకిలు ఎక్కింది. సుచరిత వెనక సీటు కింద గట్టిగా పట్టుకుంది.

"నేను చెప్పేదాక ఇడువొద్దు" అంది అమ్మ.

"ఇడువను."

సైకిలు అటు వంగింది, ఇటు వంగింది. అమ్మ "అమ్మో" అంటూనే తొక్కింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. నాలుగో చుట్టుకు సైకిలు తిన్నగా పోసాగింది. గట్టు మీద కూర్చుని చూస్తున్న స్వర్ణ అరిచింది.

"సుచరితా, ఇడువు. మీ అమ్మ మంచిగనే తొక్కుతాంది."

నిజమే. సైకిలు బరువు చేతికి తెలియడం లేదు. వదిలేస్తే అమ్మ ఒక్కతే పోయేలా ఉంది. సుచరితకు ఆయాసం వస్తోంది, చెమటలు కారుతున్నాయి.

అమ్మ మాత్రం ఇంకా వదలమని చెప్పలేదు. సుచరిత సీటు పట్టుకునే పరుగెత్తింది.