వట్టి నెలలు

పొద్దున్నే పత్రికలోని అచ్చుతప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుడితే గాని మాస్టారికి కాఫీ రుచించదు. ముప్పై నాలుగేళ్లు జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషి.

"మళ్లీ సైటుకా?" అని అడిగారు, సంచి సర్దుకుంటున్న కొడుకును.

"వట్టి నెలేగా నాన్నా!" అన్నాడు వంతెనల ఇంజనీరైన కొడుకు.

ఆరేళ్ల క్రితం గడ్డ లేచి కోడలికి కుడి అండాశయం తీసేశారు. అప్పుడు దిగులుపడిన కొడుక్కి మాస్టారు బొమ్మ గీసి మరీ వివరించారు. అండం ఒక నెల కుడి నుంచి, మరుసటి నెల ఎడమ నుంచి వంతులవారీగా విడుదలవుతుంది. కనుక గర్భం నిలవడానికి ఇక ఏడాదికి ఆరు నెలలే పనికొస్తాయి. మిగిలినవి వట్టి నెలలు. కొడుకు దూరపు పనులన్నీ ఆ నెలల్లోనే వేయించుకునేవాడు.

"సంచి దించండి," అంది కోడలు గుమ్మంలోంచి. "నిన్న కొత్త డాక్టరమ్మకు చూపించుకున్నాను."

"ఏమన్నదమ్మా?" అన్నారు మాస్టారు.

"వంతులూ లేవు, గింతులూ లేవట మామయ్యా. రెండూ ఉన్నవాళ్లకైనా ఏ నెల ఏ వైపు నుంచో ఎవరూ ముందే చెప్పలేరట. ఒకటి తీసేస్తే రెండోదే దాదాపు ప్రతి నెలా పనిచేస్తుందట."

"నాన్సెన్స్! ముప్పై నాలుగేళ్లు చెప్పానమ్మా నేను!"

"ముప్పై నాలుగేళ్లూ తప్పే చెప్పారు!"

ఆ ఇంట్లో ఆ గొంతు అంతవరకు లేచి ఎరుగదు. ఆమెను గదమాయించబోయిన కొడుకు, ఆమె చేతిలోని రిపోర్టు చూసి ఆగిపోయాడు.

"నాకు ముప్పై తొమ్మిది. అండాలు అడుగంటాయట. ముప్పై ఆరు నెలలు మామయ్యా! ఈయన వంతెనల మీద, నేను ఈ గోడల మధ్య."

"ముందే ఎవరినైనా అడగాల్సింది," అని గొణిగాడు కొడుకు.

"నాన్న చెప్పాక డాక్టరెందుకన్నది ఎవరండీ?"

అతడు సంచి పక్కనే కూలబడ్డాడు.

మాస్టారు తన గదిలోకి వెళ్లి లావుపాటి గ్రంథాన్ని దించారు. దాన్ని తెరిచి ఎన్నేళ్లయిందో. తాను చదువుకునే రోజుల్లో రాసుకున్న నోట్సుతోనే ఉద్యోగమంతా గడిపేశారు. వెతికిన పేజీ దొరికింది. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివారు. నాలుగుసార్లూ అది కోడలి మాటే చెప్పింది.

గ్రంథం మూసి బయటికి వచ్చారు. "మా మాస్టారు చెప్పింది రాసుకున్నానమ్మా. అదే అందరికీ చెప్పాను. సరిచూడాలని ఒక్కనాడూ తోచలేదు."

కోడలు ఓదార్చలేదు. "డాక్టరమ్మ ఒకటి రెండు ప్రయత్నాలు చేద్దామంది. పెద్దగా ఆశ పెట్టుకోవద్దనీ అంది."

"ఈసారి నేనూ రానా? బయటే కూర్చుంటాను."

కోడలు ఆయన వైపు తిరిగింది. "బయటెందుకు, లోపలికే రండి. ఆవిడ చెప్పేది వినండి. మధ్యలో మాట్లాడకండి."

"మాట్లాడనమ్మా," అన్నారు మాస్టారు.

కళ్లజోడు తీసి తుడుచుకోబోయారు. కోడలే అందుకుని, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.