తొట్టెక్కిన మామయ్య

ఆ ఉదయం పాల టీ కాస్తూ బల్జాన్ తనలో తానే నవ్వుకుంటోంది. పెళ్లయి నెల కూడా కాలేదు. చేపల వేటకు వెళ్తూ భర్త యెర్దెన్ ఆమె తలగుడ్డ ముడి సరిచేశాడు. ఆ వేళ్ల చల్లదనం మెడ మీద ఇంకా గిలిగింతలు పెడుతోంది. ఆరల్ సముద్రం మీద మంచు కరిగింది. పడవలు ఒక్కొక్కటే కదులుతున్నాయి.

"అమ్మాయ్! ఒకసారి రా. మీ అత్తయ్యకి తెలీకుండా!"

పెరట్లోకి వెళ్లి చూస్తే తోలెగెన్ మామయ్య బట్టల తొట్టిలో నిలబడి ఉన్నాడు. తొట్టి కింద గుండ్రటి దుంగ!

ఆకులు రాలే కాలం చివర్లో, తొలి మంచు పడిన రోజు, వలతాడు చుట్టుకుని ఆయన కాలు విరిగింది. ఇక పనికి వెళ్లవచ్చని డాక్టరు చెప్పినా కానిపా అత్తయ్య ఒప్పుకోవడం లేదు.

"తొట్టిని ఊపమ్మా."

"పడిపోతారు మామయ్యా!"

"అలలు నన్నడిగి వస్తాయా? రేపు పడవెక్కకపోతే నా చోటు ఇంకొకడికిస్తారు. ఊపు!"

బల్జాన్ ఊపింది.

"ఇది పిల్ల అల. పెద్దది రానీ!"

ఇద్దరూ పకపకా నవ్వుతుండగా పిండి చేతులతో అత్తయ్య వచ్చింది. బల్జాన్ అదిరిపడి తొట్టి వదిలేసింది. మామయ్య రెండు చేతులూ కొంగ రెక్కల్లా ఆడించి నిలదొక్కుకున్నాడు.

"చూశావా? పడలేదు!"

"సంబరం చాల్లే! ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకోలేవూ?"

"ఇంట్లో కూర్చుని నేనేమయ్యానో చూడు. మొన్న పరదాలు వంకరన్నాను. నిన్న కోడలి రొట్టెలో ఉప్పు తక్కువన్నాను. పాపం, ఈ పిల్లకి ఇద్దరు అత్తలు!"

బల్జాన్ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

"ఆ రోజు నిన్ను చెక్క మీద మోసుకొచ్చారు. ముఖం మీద గుడ్డ కప్పారు. మంచు పడుతోందని కప్పారట. ఆ మాట నాకెవరు చెప్పారు? నువ్వు దగ్గేదాకా..."

మామయ్య మెల్లగా తొట్టి దిగాడు. "నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడడిగావు?"

"సరే, వెళ్లనులే," అన్నాడాయన. ఈసారి వాదన కోసం అన్న మాట కాదది. ముఖం వాడిపోయింది.

అత్తయ్య ఆ ముఖాన్ని కాసేపు చూసి, విసవిసా లోపలికి వెళ్లింది. నలుపూ తెలుపూ పేనిన తాడు, కత్తెర పట్టుకొచ్చింది. "కూర్చో."

ఆయన చీలమండలు రెండూ కలిపి కట్టింది. బల్జాన్ నోరు తెరిచింది. అది తొలి అడుగులేసే పసిబిడ్డలకు చేసే వేడుక! చురుగ్గా నడిచేవాళ్లు ఆ తాడు కోసి, బిడ్డను చెయ్యి పట్టి నడిపించాలి. వాళ్ల నడకే బిడ్డకి వస్తుందని నమ్మకం.

"ఊరంతా నవ్వుతుందే!" అన్నాడాయన.

"నవ్వనీ. ఈ ఊళ్లో నాకంటే వేగంగా నడిచేదెవరు? వెళ్లేటప్పుడు ఎలా వెళ్తావో నీ ఇష్టం. వచ్చేటప్పుడు మాత్రం నా నడకతో రా."

కత్తెర కిర్రుమంది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని అలవాటు ప్రకారం దూసుకుపోయింది. బల్జాన్ లోపలికి పరిగెత్తి, గుప్పెళ్లతో మిఠాయిలు తెచ్చి, ఆ వేడుకలో చేసినట్టే ఇద్దరి తలల మీదా చల్లింది.

"కాస్త మెల్లగా నడవవే!" అన్నాడు మామయ్య.

అత్తయ్య తడికళ్లు తుడుచుకోలేదు, చెయ్యీ వదల్లేదు. అడుగు మాత్రం నెమ్మది చేసింది.