ప్లేనర్ స్విచ్

"ఒక్క బోర్డుకి మూడు గంటలా? ఈలోగా కూరగాయలే ముదిరిపోతాయి," అంది మెర్లిన్, తొలిరోజే.

"మెషీన్ బోర్డుకి ప్రాణముండదు," అన్నాడు డేవిడ్‌రాజ్, చిత్రిక పట్టడం ఆపకుండా.

హథ్‌ఖోజ్‌లో కొర్నేలిగారి షెడ్డు అది. వంటింటి కటింగ్ బోర్డులు చేస్తారు. ఒక మూల ఆయన కూతురు మెర్లిన్, చెక్కని చిత్రిక పట్టే మెషీన్ ప్లేనర్‌తో, కరెంటు రంపంతో. ఇంకో మూల చరోదా నుంచి సైకిల్ మీద వచ్చే డేవిడ్‌రాజ్, చేతి పనిముట్లతో. ఏడాది తిరిగేసరికి ఆ పోట్లాటే ప్రేమైంది. పోట్లాట మాత్రం మానలేదు.

మొన్న అతను ధైర్యం చేసి పిల్లనిమ్మని కొర్నేలిగారిని అడిగాడు. ఆయన కాదనలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

"రేపీ షెడ్డు అల్లుడిదే కదా బాబూ. ఆదివారంలోగా ప్లేనర్ మీద ఒక్క బోర్డు తీసి సూపించు. నేదంటే ప్రార్థనయ్యాక ఉతై ఊరి నుంచి సంబంధం వాళ్లొస్తారు. మాటిచ్చీస్తాను."

శనివారం సాయంత్రం, అందరూ వెళ్లాక, డేవిడ్‌రాజ్ ప్లేనర్ ముందు నిలబడ్డాడు. స్విచ్ నొక్కాడు. రొద మొదలవగానే చెక్క వదిలేసి వెనక్కి జరిగాడు. ఆపేశాడు. మళ్లీ నొక్కాడు. నాలుగుసార్లూ అంతే. కొండంత ప్రేమ ఉండి ఏం లాభం, జానెడు చెక్క ముందుకి తోయలేనివాడికి? ఇక తన బతుకింతే అనుకున్నాడు.

"ఏటి, మెషీన్ ముట్టుకుంటే అరిగిపోతావా?" గుమ్మంలో మెర్లిన్. ఏడ్చినట్టున్నాయి కళ్లు. "నాకన్నా నీ పొగరే ఎక్కువైపోయింది."

"పొగరు కాదు. భయం," అన్నాడు. "మా నాన్న మూడు వేళ్లు ఇలాటి మెషీన్లోనే పోయేయి. టిఫిన్ డబ్బా ఇవ్వడానికెళ్లి నేను సూసేను. ప్రాణం, గీణం అన్నదంతా సిగ్గు దాచుకోడానికి. ఉతై వాళ్లకి సరే అనీయ్ మెర్లిన్. నా వల్ల కాదు."

ఆమె వచ్చి ప్లేనర్ మీద చెయ్యి వేసింది.

"ఏడాదిగా ఈ ప్లేనర్ ఎవరు నడుపుతన్నారు?"

"నువ్వు."

"మరి నన్ను చేసుకున్నాక నేనెక్కడికి పోతాను?"

అతను ప్లేనర్ వైపు, ఆమె వైపు చూశాడు. ఈ ముక్క తనకీ తట్టలేదు, కొర్నేలిగారికీ తట్టలేదు.

"పద. డాడీకి వేళ్ల సంగతి కూడా చెప్పు."

"కాదంటే?"

"రేపు ఉతై పెళ్లికొడుకు ముందు నేనే స్విచ్ నొక్కుతాను. ఆడెంత బాగా చెక్క తోస్తాడో సూద్దాం."

అతని కుడిచెయ్యి ఆమె పట్టుకుంది. ఎడమచేత్తో చిత్రిక తీసుకుని వెంట నడిచాడు.