ఇరవై ఒక్క తులాలు

లక్డారం క్వారీ గుంతలోంచి సునీల్‌కుమార్ శవాన్ని తాడు కట్టి పైకి లాగేసరికి బుధవారం ఉదయం తొమ్మిదయింది.

ఒడ్డున గుమిగూడినవాళ్లలో నీలం ఫైలు పట్టుకున్న ఇన్సూరెన్స్ సర్వేయర్ ఒకడున్నాడు. పంచనామా రాస్తున్న ఎస్సై అతన్ని రెండుసార్లు పక్కకు జరగమన్నాడు. జరిగాడు. ఆ సర్వేయర్ అసలు పేరు హరినాథ్. ఫోన్ డైరెక్టరీలో లేని ఒక సంస్థకు ఫీల్డ్ ఏజెంట్. నీళ్లు కారుతూ రాళ్ల మీద పడున్నవాడు అతని పార్టనర్. సంగారెడ్డిలో పుట్టి పెరిగిన సునీల్, ఏడేళ్లుగా తన టిఫిన్ డబ్బాలో సగం హరినాథ్‌కు పెట్టాడు. హరినాథ్‌కు ఏడవాలనిపించింది. ఇన్సూరెన్స్ వాళ్లు ఏడవరు కాబట్టి ఫైల్లో ఏదో రాసుకున్నాడు.

మెడ వెనక సూది గుచ్చిన గుర్తుంది. కుడి పిడికిలి బిగిసి ఉంది. ఎస్సై టీ కోసం లేచిన నిమిషంలో హరినాథ్ ఆ పిడికిలి విప్పాడు. ప్లాస్టిక్ కవర్లో మడిచిన చీటీ. ఒక వైపు 'బాలరాజ్ డ్రోన్ సర్వీస్, పటాన్‌చెరు' అని షాపు ముద్ర. రెండో వైపు సునీల్ చేతిరాతలో ఒకటే మాట: 'తులం?' ఆ మాట కింద రెండు గీతలు.

బీరంగూడలో మిఠాయి దుకాణం పైన 'అబాకస్ క్లాసులు' అని బోర్డున్న గదే సంస్థ ఆఫీసు. చీఫ్ కామేశ్వరరావు తణుకు మనిషి. హరినాథ్‌ది రాజోలు.

"సూదా?" అన్నాడు చీఫ్.

"సూదే సార్. వెనక నుంచి."

"అంటే నమ్మి వీపు చూపించాడు." కామేశ్వరరావు లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. "ఆదివారం పట్టిన కాల్ ఇది. విను."

మిషన్‌తో మార్చిన గొంతు. "పెళ్లి గురువారం పన్నెండున్నరకు. నెక్లెస్ ఇరవై ఒక్క తులాలు దాటొద్దు. లాకెట్‌తో కలిపి."

"పెళ్లి అంటే దాడి. నెక్లెస్ అంటే డ్రోన్," అన్నాడు చీఫ్. "లాకెట్ అంటే దానికి తగిలించే సరుకు. నిప్పు పుట్టించేది. ఎక్కడ పడేస్తారో తెలీదు."

"తులాలు?"

"మన వైపు బంగారం కాసుల్లో లెక్క కదా. నాకూ తెలీక ఫోన్లో చూశాను. తులమంటే పదకొండు పాయింట్ ఆరు ఆరు గ్రాములు. ఇరవై ఒకటితో గుణించు."

"రెండు వందల నలభై ఐదు." హరినాథ్ తలెత్తాడు. "రెండు వందల యాభై లోపు."

"అదీ సంగతి. రెండు వందల యాభై దాటితే పైలట్ సర్టిఫికెట్, అనుమతులు, సవాలక్ష ప్రశ్నలు. దాటకపోతే నానో కేటగిరీ. దాదాపు బొమ్మ కింద లెక్క. కానిస్టేబుల్ ఆపినా కాటా మీద పెట్టి చూపించి వెళ్లిపోవచ్చు. మన చట్టాన్ని మనకంటే శ్రద్ధగా చదివారు."

ఆ చదివినవాళ్లది ఏ దేశమో ఫైల్లో ఉంది. పేరు మీద నల్ల సిరా పూసి ఉంది. పూసింది కామేశ్వరరావే. అయినా కింది మిఠాయి దుకాణం వాడితో సహా అందరికీ ఆ పేరు తెలుసు.

హరినాథ్ పటాన్‌చెరు వెళ్లేసరికి బాలరాజ్ షాపు షట్టర్ దించి ఉంది. గురువారం తెరుస్తానని చాక్‌పీసుతో రాసి ఉంది. చేసేదిలేక సాయంత్రం ఇస్నాపూర్ హైవే హోటల్లో హర్షిణిని కలిశాడు.

హర్షిణి పెద్దింటి పెళ్లిళ్లు చేయించే ఈవెంట్ మేనేజర్. ఆమె నడిచి వస్తుంటే సర్వర్లు ట్రేలు పట్టుకుని నిలబడిపోతారు. ఆ విదేశీ ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. ఆమె వాళ్ల కవర్లు తీసుకుని, కాపీలు సంస్థకు ఇస్తుంది. రెండేళ్ల కిందట ఆమెను సంస్థలోకి తెచ్చింది హరినాథే. ఆమె ఎదుట కూర్చుంటే అతని కాఫీ ఎప్పుడూ చల్లారిపోయేది. దాన్ని ఏమంటారో అతనికి తెలుసు, చీఫ్‌కు మాత్రం చెప్పలేదు.

"సునీల్..." అన్నాడు.

"విన్నాను." ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "టార్గెట్ తెలిసింది. బీరంగూడ పక్కన రక్షణ పరికరాలు చేసే ప్లాంట్. రేపు పన్నెండున్నర. మీ వాళ్లందర్నీ అక్కడే పెట్టండి."

"మీరు?"

"నాకు రేపు గడ్డపోతారంలో పెళ్లి ఉంది. పుష్పగిరి గార్డెన్స్. తప్పదు." ఆమె మెడలోంచి గొలుసు తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇది సునీల్ భార్యకివ్వండి. మా తాత చేతి పని. సంగారెడ్డిలో బంగారం పని చేసేవాడు. మూడు తులాలు. నాకు వేసుకోవాలనిపించడం లేదు."

హరినాథ్ అరచేయి మూశాడు. గొలుసు చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజంతా అతని గుండెకు తగిలిన మంచి మాట అదొక్కటే.

గురువారం పదకొండుంపావుకు పెళ్లి వీడియోగ్రాఫర్ ఒకడు బాలరాజ్ షాపుకొచ్చాడు. తల మీద టోపీ, ఒంటి మీద జేబుల జాకెట్టు, చేతిలో పాత డ్రోన్. బీరంగూడ ప్లాంట్ చుట్టూ అప్పటికే సంస్థ మనుషులు పద్నాలుగు మంది జామర్లతో కాపు కాసి ఉన్నారు. డ్రోన్ బయల్దేరే చోటు తెలుసుకోవడం హరినాథ్ వంతు, ఈ వేషం అందుకే.

బాలరాజ్‌కు నలభై ఉంటాయి. బల్ల మీద అద్దాల పెట్టెలో బంగారం తూచే కాటా. డ్రోన్ దాని మీద పెట్టాడు.

"రెండొందల తొంభై. ఎంతకు దించాలె సార్?"

"రెండు వందల యాభై లోపు."

"అయితది. కాళ్లు కోసేస్త. లైట్ తీసేస్త. ఇనుప మరలు తీసి ప్లాస్టిక్‌వి ఏస్త. కవర్ లోపటి నుంచి గీకుత. అయినా దిగకుంటే బ్యాటరీ చిన్నది ఏసుడే." బాలరాజ్ వేలు ఎత్తాడు. "ఒక్కటి మాత్రం ముట్ట. ఛార్జి తగ్గంగనే బయల్దేరిన జాగకు తిరిగొచ్చే సెట్టింగ్ ఉంటది గద, అది. క్యాన్సల్ బటన్ గూడ బంద్ పెడ్త. పెళ్లిళ్లల్ల తాగి ఒత్తుతరు, డ్రోన్ పోగొట్టుకుంటరు, నా మీద పడి ఏడుస్తరు. మొన్న ఆదివారం ఒకాయన ఆ సెట్టింగ్ తీసెయ్యమన్నడు. సరే అన్న గని తియ్యలే. నా చెయ్యి పడ్డ డ్రోన్ ఏదైనా ఇంటికి రావాలె."

"ఆదివారమా? ఎవరాయన?"

"ఎవలో. హెల్మెట్ గూడ తియ్యలే. కింద తగిలిచ్చేదాంతోని కలిపి ఇరవై ఒక్క తులాలు దాటొద్దన్నడు. మా నాయిన అవుసలి, బంగారం పని. అందుకే తులాలల్ల చెప్పిండేమో అనుకున్న. పెద్ద బ్యాటరీ తీసి చిన్నది ఏసి, రెండొందల పదికి దింపిన."

"రెండు వందల నలభై ఐదు కదా?"

బాలరాజ్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏ ఊరు సార్ మీది?"

"రాజోలు."

"గదీ ముచ్చట. గిక్కడ తులమంటే పది గ్రాములు. గా పదకొండు పాయింట్ల లెక్క మా తాత జమానాల ఉండె. ఇప్పుడు వేరే దేశాలల్ల నడుస్తదంట. గీ సంగారెడ్డి, పటాన్‌చెరుల చిన్న పోరగాండ్లకు గూడ ఎరుకే. మొన్న సునీల్ అని ఒకాయన వచ్చి గిదే అడిగి, నవ్వుకుంట పోయిండు."

హరినాథ్ చెయ్యి జేబులోకి వెళ్లింది. గొలుసు తీసి కాటా మీద పెట్టాడు. అంకెలు కాసేపు ఆడి ముప్పై ఐదు దగ్గర ఆగాయి.

"ఇది మూడు తులాలు," అన్నాడు.

"మూడున్నర," అన్నాడు బాలరాజ్. "మూడని ఎవలు చెప్పిండ్రు?"

"సంగారెడ్డి అవుసలి మనవరాలు."

"అబద్ధం. అవుసలోళ్ల ఇంట్ల పుట్టినోళ్లు అరతులం తప్పు చెప్తరా?"

ముప్పై ఐదును మూడుతో భాగిస్తే పదకొండు పాయింట్ ఆరు ఆరు, ఆ విదేశీ లెక్క. సునీల్ ఈ వైపువాడు. అతను పట్టుకున్నాడు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఇద్దరు మేధావులు, అబాకస్ బోర్డు కింద కూర్చుని, శత్రువు చేసిన తప్పే తామూ చేశారు. బీరంగూడ ప్లాంట్ పేరు చెప్పింది కూడా ఆమే. రెండేళ్ల కిందట ఆమె పేరు ఫైల్లోకి ఎక్కించిన సంతకం అతనిదే.

"గడ్డపోతారంలో పుష్పగిరి గార్డెన్స్ ఎక్కడ?"

"రింగు రోడ్డు దాటినంక. ఏమైంది సార్?"

"దాని దగ్గర్లో మంటలంటుకునేది ఏముంది?"

బాలరాజ్ ముఖం పాలిపోయింది. "వెనకకు రెండు కిలోమీటర్లల్ల మందుల కంపెనీ ఉన్నది. సాల్వెంట్ ట్యాంకులు. మా ఇంటామె భవాని గాడనే ప్యాకింగ్‌ల చేస్తది. ఇయ్యాల మొదటి షిఫ్టు." ఫోన్ తీశాడు, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. "ఫోన్లు గేటుకాడ తీసుకుంటరు సార్. లోపట మూడొందల మంది ఉంటరు."

హరినాథ్ కంపెనీకి ఫోన్ చేశాడు. మేనేజర్ మీటింగ్‌లో ఉన్నాడని, ఆయన వచ్చాక చెప్తానని గేటు దగ్గర మనిషి అన్నాడు. కామేశ్వరరావుకు చేశాడు. మనుషులు, జామర్లు అన్నీ బీరంగూడలో ఉన్నాయి. జామర్లు విప్పి సర్దుకుని కదిలేసరికి ఒంటిగంట లోపు చేరరు. ఈలోపు బాలరాజ్ బండి స్టార్ట్ చేశాడు.

"కూసోండి సార్. జల్దీ."

పన్నెండూ ఇరవై నాలుగుకు ఇద్దరూ పుష్పగిరి గార్డెన్స్ డాబా మీదికి పరుగెత్తారు. కింద షామియానా నిండా జనం భోజనాలు చేస్తున్నారు. బ్యాండు వాయిస్తోంది. పైన నెమలికంఠం రంగు పట్టుచీరలో హర్షిణి, ఒక చేతిలో రిమోట్, రెండో చేతిలో అరచేతిలో ఇమిడిపోయే పిస్టల్.

"ఆలస్యమైంది హరినాథ్ గారూ," అంది. "అది లేచి రెండు నిమిషాలైంది. పన్నెండున్నరకు లాకెట్ దానంతటదే వెలుగుతుంది. ఇక నేను కూడా ఆపలేను."

పిస్టల్ ఇద్దరి వైపూ చూస్తోంది. రిమోట్ తెర మీద పొలాలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. ప్రహరీ గోడ, పొగ గొట్టం కనిపించాయి. తర్వాత వెండి రంగు ట్యాంకులు వరసగా ఏడు.

"భవానీ," అన్నాడు బాలరాజ్. అరవలేదు. పక్కన ఉన్నట్టు పిలిచాడు.

"ఒక్క ప్రశ్న," అన్నాడు హరినాథ్. "తులం ఎన్ని గ్రాములు?"

ఆమె నవ్వింది. "చచ్చేముందు ఇదా? పదకొండు పాయింట్ ఆరు ఆరు."

"సంగారెడ్డిలో పది."

రిమోట్ కీచుమంది. తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. బ్యాటరీ తక్కువ, బయల్దేరిన చోటుకు తిరుగు ప్రయాణం. ట్యాంకులు మూడు వందల మీటర్ల దూరంలో ఉండగా తెర మీది దృశ్యం గిర్రున తిరిగింది. మళ్లీ అవే పొలాలు, ఎదురుగా.

హర్షిణి క్యాన్సల్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఏమీ కాలేదు.

"అది బంద్ పెట్టిన మేడం," అన్నాడు బాలరాజ్.

ముప్పై ఐదు గ్రాముల బ్యాటరీ తక్కువైందని ఆమెకు అప్పుడు అర్థమైంది. అది ఎక్కడికి తిరిగొస్తుందో కూడా. రిమోట్ పారేసి మెట్ల వైపు పరుగెత్తింది. హరినాథ్ అడ్డుపడ్డాడు. పిస్టల్ పేలింది, అతని భుజం మీద మాంసం చీరుకుపోయింది. అయినా ఆమె మణికట్టు వదల్లేదు. ఇద్దరూ కిందపడ్డారు. పిస్టల్ డాబా అంచుదాకా దొర్లిపోయింది.

పన్నెండూ ఇరవై తొమ్మిది. ఝుమ్మని చప్పుడు. డ్రోన్ డాబా మీదికొచ్చి, లేచిన చోటే దిగడం మొదలుపెట్టింది. దాని పొట్ట కింద వేలెడంత గొట్టం ఉంది. విసిరేద్దామంటే కింద పెళ్లి జనం.

బాలరాజ్ దాన్ని కోడిని పట్టినట్టు కింది నుంచి ఒడిసిపట్టుకున్నాడు. రెక్కలు అతని వేళ్లను కోస్తున్నాయి. నాలుగంగల్లో నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లి, మూత తన్ని, మోచేతి దాకా లోపలికి ముంచాడు.

ట్యాంకులో తెల్లటి వెలుగు వెలిగింది. ప్లాస్టిక్ నిలువునా చీలి, మరిగే నీళ్లు డాబా అంతా పారాయి. బాలరాజ్ అరుపు బ్యాండు మోతలో కలిసిపోయింది. కింద ఎవరో రెండోసారి పెరుగు అడుగుతున్నారు.

హరినాథ్ హర్షిణి చేతులు వెనక్కి విరిచి కట్టాడు. అతని భుజం రక్తం ఆమె పట్టుచీర మీద కారింది.

"సునీల్‌ని ఎందుకు?"

"గొలుసు బాగుంది, ఎన్ని తులాలన్నాడు. చెప్పాను. మీకు చెప్పలేదు కానీ గ్రాములు కూడా చెప్పాను." ఆమె దూరంగా ఎటో చూసింది. "నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు ఇవాళ్టి దాకా తెలీదు. కానీ అనుమానమొచ్చి నవ్విన నవ్వని తెలిసింది. ఆ రోజే చంపేశాను."

"అదే గొలుసు అతని భార్యకు పంపావు."

అతనికి ఆమె మీద కోపం రాలేదు. రెండేళ్లు చల్లారబెట్టిన కాఫీలన్నీ గుర్తొచ్చి తన మీదే అసహ్యం వేసింది.

మూడో రోజు సంగారెడ్డి ఆసుపత్రిలో బాలరాజ్ మంచం పక్కన భవాని కూర్చుని ఉంది. అతని కుడి చెయ్యి కట్లలో ఉంది. జరిగింది ఎవరికీ చెప్పనని రాసిన కాగితం మీద సంతకం కోసం హరినాథ్ వచ్చాడు.

"సంతకం ఎట్ల పెడ్తడు సార్?" అంది భవాని. "ఆ చేతికి బొటనవేలు లేదు, చూపుడువేలు లేదు. మరలు తిప్పే చెయ్యి అది. ఎడమ చేతి ముద్ర ఏసుకోండి."

హరినాథ్‌కు ఆమె కళ్లలోకి చూసే ధైర్యం రాలేదు. ఇంకు ప్యాడ్ తెరిచి బాలరాజ్ ఎడమ బొటనవేలు తనే పట్టుకున్నాడు.

"తిరిగొస్తదన్న గద సార్," అన్నాడు బాలరాజ్ నీరసంగా. "నా చెయ్యి పడ్డది తిరిగి రాకుంటే బాగుండని అనుకున్నది గిదే మొదటిసారి."

భవాని ముఖం తిప్పుకుంది. ఏడుస్తోందో, నవ్వుతోందో హరినాథ్‌కు తెలియలేదు.

సునీల్ దినం అయిపోయాక హరినాథ్ రిపోర్టు రాశాడు. గొలుసు సీలు వేసి సాక్ష్యం పెట్టెలో పెట్టాడు. సునీల్ భార్యకు ఆ గొలుసు సంగతి ఎప్పటికీ చెప్పడు. 'స్వాధీనం చేసుకున్న డ్రోన్ బరువు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఇరవై ఒక్క తులాలు అని రాశాడు. కామేశ్వరరావు గ్రాముల్లో రాయమని తిప్పి పంపాడు. హరినాథ్ కొట్టివేయలేదు. పక్కన ఒక్క ముక్క చేర్చి మళ్లీ పంపాడు.

'సునీల్ లెక్క ప్రకారం.'