రెండు తలాల మధ్య పొర

భోజనాలయ్యాక పరీక్షశాలలో యంత్రం ఒక్కటే కిర్రు కిర్రుమంటోంది. ఎవరి ఒంట్లోంచో తీసిన పాత కృత్రిమ తుంటి కీలు అందులో ఆడుతోంది. లోహపు గుండు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ గిన్నె. ఆ రెండూ ఎంత గట్టిగా రాసుకుంటాయో కంప్యూటర్లో నమూనా కట్టి ముందే చెప్పడం ఇంజినీరమ్మ పని. ఆ లెక్క తప్పితే రేపు ఇంకొకరి తుంటిలో కొత్త కీలు బిగుసుకుపోతుంది.

ఇవాళ లెక్క తప్పుతోంది. యంత్రం చూపిస్తున్న రాపిడి ఆమె అనుకున్నదానికి నాలుగింతలుంది.

“సరిగ్గా కడిగావా బాబాయ్?” అని అడిగింది. యంత్రం నడిపే పెద్దాయన్ని అక్కడ అందరూ అలాగే పిలుస్తారు.

“మూడుసార్లు స్పిరిట్‌తో తోమానమ్మా. మా ఇంట్లో గిన్నెలక్కూడా ఆ భోగం లేదు.”

ఆమె నవ్వేసి, గుండుకీ గిన్నెకీ మధ్య పల్చటి జిగట పొర ఉందనుకుని నమూనాలో చేర్చింది. లెక్క కలిసింది. పది నిమిషాలకి మళ్లీ తేడా. పొర మందం పెంచింది. కలిసింది. మళ్లీ తేడా...

అంటే లోపల ఏదో పెరుగుతోంది.

అప్పుడు కొట్టింది వాసన. పుచ్చిన పన్ను వాసన, మగ్గిన తడిగుడ్డ వాసన కలిసి.

యంత్రం ఆపారు. గుండు ఊడి రాలేదు. చేతొడుగు జారిపోతోందని విప్పేసి, బాబాయి వేళ్లు సందులోకి దూర్చి లాగాడు. పచ్చి తోలు చీరినట్టు చప్పుడు. పసుప్పచ్చటి జిగురు తీగలుతీగలుగా సాగింది. అందులో సన్నటి ఎర్ర నరాలు. పైన వెచ్చటి ఆవిరి.

“ఛీ! కడుక్కో బాబాయ్, తొందరగా!”

ఆయన కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

“బాబాయ్?”

“అమ్మా...” గుసగుసగా అన్నాడు. “విడిపోవట్లేదు.”

చూపుడువేలు, మధ్యవేలు అంటుకుపోయాయి. మధ్యలో గీత కూడా లేదు. ఒకటే చర్మం. దాని కింద ఏదో... మెల్లగా రాసుకుంటోంది. ఆమె పక్కకి తిరిగి భళ్లున వాంతి చేసుకుంది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి వేళ్లు రెండుసార్లు లెక్కపెట్టారు.

“పొద్దున ఈయన చేతికి ఎన్ని వేళ్లున్నాయమ్మా?”

ఆ రెండు వేళ్ల ఎముకల మధ్య ఇంకో వేలుంది. సన్నగా, వంకరగా.

దానికి ఎవరిదో ఉంగరం ఉంది.